కొన విరవకుండా కొనబోయిన కారు

మా ఆవిడ బెండకాయలు బేరమాడేటప్పుడు పక్కన నిలబడాలంటే నాకు నామోషీ. ఎర్రగడ్డ రైతుబజార్లో అరకిలో బెండకాయల కోసం అరవై కాయల కొనలు విరుస్తుంది. టప్‌మని విరిగితే సంచిలోకి, వేలాడితే బుట్టలోకి. "అమ్మా, అన్నీ ఇరగ్గొడితే నేనెవలికి అమ్మాలె?" అని అమ్మేవాడు మొత్తుకుంటాడు. నేను నాలుగడుగులు పక్కకు జరిగి, ఆమెకూ నాకూ ఏ చుట్టరికమూ లేనట్టు టమాటాలు పరీక్షిస్తుంటాను. పాతికేళ్ళ కాపురంలో నేను సాధించిన నటన అదొక్కటే.

అలాంటి మనిషితో ఒకే కప్పు కింద బతుకుతూ, నేను వెళ్ళి 18 లక్షల సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకు కొన విరవకుండా అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఆ నేరం ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇందులో రెండో నేరం ఒకటుంది. అది మా ఆవిడకు ఇంతవరకూ తెలీదు.

నేను సినిమాలకు మాటలు రాస్తాను. తెరమీద నా పేరు కోసం వెతక్కండి. "రచనా సహకారం" అని ఆరుగురి పేర్లు ఒకేసారి పడి మాయమయ్యే చోట ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఫిల్మ్‌నగర్ కొండ వాలులో, లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో అద్దెకుంటాం. చిరునామా జూబ్లీహిల్స్‌ది, సంపాదన కృష్ణానగర్‌ది.

ఈ పేటలో మనిషిని గేటు దగ్గరే తూచేస్తారు. ఒకసారి ఓ నిర్మాత గారికి కథ చెప్పడానికి స్కూటరు మీద వెళ్ళాను. వాచ్‌మన్ గేటు సందులోంచి చెయ్యి చాపి, "పార్శిల్ ఇటియ్యి, ఓటీపీ నేను చెప్త" అన్నాడు. నా చేతిలో ఉన్నది 140 పేజీల బౌండ్ స్క్రిప్టు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే వాడి తప్పేమీ కనపడలేదు. అప్పుడే అనుకున్నాను, ఈసారి గేటు ముందు ఆగేది స్కూటరు కాకూడదని.

పోయినేడు ఓ విచిత్రం జరిగింది. నేను పనిచేసిన సినిమా ఆడింది. అంతకంటే విచిత్రం, బ్యాలెన్స్ పేమెంటు వచ్చింది. మా ఆవిడ ఆ డబ్బుకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అని పేరు పెట్టుకుంది. నేను రెండు తలుపులు, నాలుగు సైలెన్సర్ గొట్టాలు అని పెట్టుకున్నాను.

బ్రోకరును పట్టుకోవడం కష్టం కాలేదు, వాడే నన్ను పట్టుకున్నాడు. "ఇది ఒక హీరో గారు వాడిన బండి సార్" అన్నాడు. ఏ హీరో అంటే, "పేరు చెప్పకూడదు సార్, మేనేజర్ ఫీలవుతాడు" అన్నాడు. జూబ్లీహిల్స్‌లో అమ్మకానికి పెట్టిన ప్రతి పాత కారూ ఓ హీరో గారిదే. ఆ లెక్కన మన హీరోలు షూటింగులకు వెళ్ళే తీరిక లేకుండా రోజంతా కార్లు మారుస్తూ ఉండాలి. "నంబరు టోటల్ తొమ్మిది సార్" అని కూడా అన్నాడు. బండికి గేర్లెన్ని అని నేను అడగలేదు. టోటల్ తొమ్మిదని వినగానే చేతివేళ్ళతో కూడి చూసుకున్నాను. నిజమే, తొమ్మిదే.

చూసింది సాయంత్రం ఏడింటికి, సెల్లారులో, తెల్లలైట్ల కింద. అప్పుడే కడిగినట్టున్నారు, ఒంటినిండా నీటిబొట్లు. ఎర్రటి ఎరుపు. కంపెనీ పేరు చెప్పను, జర్మనీ బండి అనుకోండి. నేను వంగి బానెట్ వైపు చూశాను. పెయింటు చూడ్డానికి కాదు. ఆ వంపులో నా పొట్ట కనపడలేదు! నా మొహం సన్నగా, పొడుగ్గా, ఇంటర్వెల్ ముందు నడిచొచ్చే మనిషిలా ఉంది. ఆ ప్రతిబింబానికి ఇంకో రెండు లక్షలు ఎక్కువైనా ఇచ్చేవాణ్ణి.

తర్వాత మూడు ప్రశ్నలు వేశాను. ఏసీ చల్లగా ఉంటుందా? పాటలు బాగా వినపడతాయా? మైలేజీ ఎంత? మూడోదానికి బ్రోకరు నన్ను, పెళ్ళిచూపుల్లో పిల్లకు పళ్ళెన్ని అని అడిగిన వాణ్ణి చూసినట్టు చూశాడు. లోపల కూర్చున్నాను. ముందు ఎడమకాలు, తర్వాత తల, ఆ తర్వాత మిగతా నేను. సీటు నేలకు జానెడెత్తున ఉంది. స్టార్ట్ చేస్తే సెల్లారంతా దడదడలాడింది. "సౌండ్ బాగుంది" అన్నాను. ఇక బయటకు వచ్చిన తీరును దిగడం అనరు, కాన్పు అంటారు. బ్రోకరు చేతులు పట్టుకు లాగాడు, డ్రైవరు కుర్రాడు నడుం పట్టుకున్నాడు. నేలమీద రెండు చేతులూ ఆనించి బయటపడి, ఆ భంగిమలోనే ఫోను తీసి 50,000 పంపించాను.

మొదటి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. అప్పట్లో దాని ధర 47,500 రూపాయలు. అంటే నేను నిలబడకుండానే ఒక కొత్త కారు డబ్బులు, మీద 2,500 చిల్లరతో సహా, ఇచ్చేశానన్నమాట.

ఇంటికి వెళ్ళి మెల్లగా చెబుదామనుకున్నాను. కానీ మా ఖాతా జాయింటు ఖాతా. నేను మెట్లెక్కేలోపే మెసేజీ లిఫ్టు లేకపోయినా పైకెక్కింది.

"యాభై వేలు ఎవరికిచ్చారు?"

"కారుకి."

"ఏం కారు?"

"స్పోర్ట్స్ కారు."

గోరుచిక్కుళ్ళు తుంచుతున్న చెయ్యి ఆగింది. "ఎంతమంది పడతారు?"

"నలుగురు. అంటే ఇద్దరు. వెనక ఇద్దరు పిల్లలు."

"మనవాడు ఆరడుగులున్నాడు."

"వాడు బెంగుళూరులో కదా ఉండేది."

"మరి అత్తయ్య? మోకాళ్ళ ఆపరేషనైన మనిషి. డిక్కీలో పడుకోబెడతారా?"

మా అమ్మ లోపలి గదిలోంచి, "నాకేం, నేను ఆటోలో వస్తాలే" అంది. ఇంట్లో నా పక్షాన పడ్డ ఓటు అదొక్కటే.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "పగలు చూశారా?" అంది. సాయంత్రం అన్నాను. "తడిమీద ఉందా?" అప్పుడే కడిగారు అన్నాను. "నీళ్ళు చల్లిన తోటకూర" అని, మళ్ళీ చిక్కుళ్ళు తుంచడం మొదలుపెట్టింది.

ఆదివారం పది గంటలకు రమ్మన్నాడు బ్రోకరు. ఆవిడ ఏడింటికే బయల్దేరదీసింది. చేతిలో టార్చిలైటు, పాత తువ్వాలు, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండే తిరుపతి వేంకటేశ్వరస్వామి అయస్కాంతం. నా స్కూటరు బాగుచేసే యూసుఫ్‌గూడ మెకానిక్ భాయ్ పెద్ద బళ్ళు కూడా చూస్తాడు, ఆయన్నీ రమ్మన్నాం. పెయింటు మందం కొలిచే మీటరు తెస్తానని చెప్పి తేలేదు. "మా బామ్మర్ది తీస్కపోయిండు సార్" అన్నాడు. ఫ్యాక్టరీ పెయింటయితే ఆ మీటరు నూరు, నూటయాభై మైక్రాన్ల దగ్గర చూపిస్తుందట. కింద పుట్టీ ఉంటే వందలు దాటి వేలల్లోకి పోతుందట.

సెల్లారు వాచ్‌మన్ మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. "పది గంటలకు గదా సార్! మీరొచ్చే గంట ముందల స్టార్ట్ జేసి ఎచ్చగ జేస్తరు. ఇయ్యాల ఇంక ఎవలు రాలే."

ఆ మాటకు నేను, ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను. భాయ్ మాత్రం బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "మంచిగైంది, ఠండాగుంది" అన్నాడు. చల్లటి ఇంజను నిజం చెబుతుందట. ముందే వేడిచేసి పెడితే పొగా, లోపలి గరగరా రెండూ సర్దుకుంటాయి. తాళాలు తెప్పించి స్టార్ట్ చేయగానే వెనక గొట్టాల్లోంచి నీలంగా పొగ లేచింది. సాంబ్రాణి వేసినట్టు సెల్లారంతా పట్టింది. నీలమైతే ఆయిలు కాలుతోందని, తెల్లగా చిక్కగా వదలకుండా వస్తుంటే కూలెంటు ఇంజన్లోకి చేరుతోందని, నల్లనైతే పెట్రోలు ఎక్కువ తాగుతోందని భాయ్ చెప్పాడు. "అయితే మూడింట్లో ఒక్కటే కదా వచ్చింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను జోకు వెయ్యలేదు కూడా.

ఇక్కడ నా పాండిత్యం ఒకటి చూపించాలి. పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం అంటుకోదని ముందురాత్రి చదివి ఉన్నాను. స్వామివారిని మా ఆవిడ చేతిలోంచి తీసుకుని బానెట్ మీద పెట్టాను. జారిపోయాడు. ముందు మడ్‌గార్డు మీద పెట్టాను. జారాడు. టాప్ మీద పెట్టాను. ఉహూఁ. అప్పటికి రొప్పుకుంటూ దిగిన బ్రోకరు మొహమ్మీద వేలెత్తి, "మొత్తం పుట్టీ! బండంతా పుట్టీతో కట్టారు!" అని అరిచాను. కోర్టు సీన్లు ఎన్ని రాశానో, ఆ గొంతంతా అక్కడ పెట్టేశాను.

భాయ్ నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా, "సార్, ముందలంత అల్మీనియం. అల్మీనియానికి మేగ్నెట్ అంటదు" అన్నాడు.

నిజమే. బరువు తగ్గించడానికి ఇలాంటి బళ్ళలో అల్యూమినియం వాడతారు. 2006లో వచ్చిన రెండో తరం ఆడి టీటీ బాడీలో 69 శాతం అల్యూమినియమేనని, తక్కిన 31 శాతం ఉక్కును బరువు సమం కావడానికి వెనకవైపు, తలుపులకూ డిక్కీ మూతకూ పెట్టారని ఆ రాత్రి చదివాను. ఆ చదువేదో ముందురాత్రి చదివుంటే బ్రోకరుకు సారీ చెప్పే పని ఉండేది కాదు. చెప్పాను. రెండుసార్లు చెప్పాను. వాడు పెద్దమనసుతో క్షమించాడు.

మా ఆవిడ స్వామివారిని నేలమీంచి తీసి, కళ్ళకద్దుకుని, "మరి తలుపులు ఇనుమేనా?" అని భాయ్‌ని అడిగింది. ఇనుమే అన్నాడు. కుడి తలుపుకు పెట్టింది. టక్కున పట్టుకుంది. కిందికి జరిపింది, పట్టుకునే ఉంది. ఎడమ తలుపుకు పైన పెట్టింది, పట్టుకుంది. జానెడు కిందికి జరిపింది. స్వామివారు ఒక్క క్షణం ఆగి, అలా పక్కకు ఒరిగి, కింద పడ్డారు. మళ్ళీ తీసి పెట్టింది, మళ్ళీ పడ్డారు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. చిటికెన వేలు తీసుకెళ్ళి కుడి తలుపుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో దూర్చబోయింది. దూరలేదు. ఎడమవైపుకు వెళ్ళింది. వేలు ఆడుతూ పాడుతూ దూరింది. తర్వాత తలుపు తీసి రబ్బరు బీడింగు గోటితో వెనక్కి లాగి, టార్చి వేసి, పట్టుచీర తిరగేసి జరీ చూసినట్టు చూసింది.

"ఏవండీ, ఇక్కడ పసుపుగా ఉందే?"

బండి పైన ఎరుపు. రబ్బరు కింద పసుపు. ఆర్సీ తీయిస్తే అందులో తెలుపు. రంగు మార్చినా ఆర్టీఏలో రాయించుకోవాలి కదా అంటే బ్రోకరు, "సినిమావాళ్ళ బండి కదమ్మా, మేకప్ మామూలే" అన్నాడు. నాకా సమాధానం నచ్చింది. డైలాగుగా ఎక్కడ వాడుకోవచ్చా అని ఆలోచిస్తుంటే ఆవిడ నావైపు చూసింది. ఆలోచన ఆపేశాను.

రిజిస్ట్రేషను పుదుచ్చేరిది. అక్కడ పన్ను తక్కువని ఖరీదైన బళ్ళు ఆ పేరున రాయించుకోవడం దక్షిణాదిలో పాత విద్యే. ఇక్కడికి మార్చుకోవాలంటే అక్కణ్ణుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్సు. ఆవిడకు పన్ను కంటే నీళ్ళ భయం ఎక్కువ. "చెన్నై వరదల్లో మునిగింది కాదుగా?" అంది. 2015 డిసెంబరులో అక్కడ మునిగిన బళ్ళెన్నో తుడిచి, ఆరబెట్టి, ఊళ్ళు దాటించారని ఆవిడా విని ఉంది.

"చెన్నై కాదమ్మా, పుదుచ్చేరి."

"మధ్యలో గోడ కట్టారా?"

మ్యాట్లెత్తించి వాసన చూసింది. 2020 అక్టోబరు వానలకు మా స్కూటరు సెల్లారులో రెండు రోజులు మునిగింది, ఆ కంపు ఆవిడ ముక్కుకు కంఠస్థం. సీటుబెల్టు ఆఖరుదాకా లాగింది, లోపల దాక్కున్న చివర బురద గీత ఉంటుందేమోనని. శుభ్రంగా ఉంది. ఆ పరీక్షలో బండి పాసయింది. "చూశారా అమ్మా!" అని బ్రోకరు గెంతాడు.

"చూశాను. కొత్తగా ఉంది. బండి 2012ది, బెల్టు చీటీ మీద 2019 అని ఎందుకుంది?"

భాయ్ ముఖం మారింది. గట్టిగా గుద్దుకుని ఎయిర్ బ్యాగులు విచ్చుకుంటే ఆ బెల్టులు బిగుసుకుపోతాయట, మార్చక తప్పదట. తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూడమన్నాడు. ఎయిర్ బ్యాగు లైటు ఒకసారి వెలిగి ఆరాలి. ఇక్కడ అసలు వెలగనే లేదు. "వెలక్కపోతే మంచిదే కదా, కంప్లైంటు లేనట్టు" అన్నాను. ఈసారి భాయ్‌తో పాటు బ్రోకరు కూడా నావైపు జాలిగా చూశాడు. లైటు పీకేశారంటే లోపల బ్యాగు ఉందో, గుడ్డముక్కలు కుక్కారో దేవుడికే ఎరుక.

మిగతావి గబగబా చెప్పేస్తాను, చెప్పేకొద్దీ నాకే అవమానం. ముందు టైరు మీద నాలుగంకెలు చదివింది, పచ్చడి సీసా మీద తేదీ చదివినట్టు. 3214. అంటే 2014లో 32వ వారంలో పుట్టిన టైరు. మీటరు మీద 31,000 కిలోమీటర్లుంటే, భాయ్ స్కానరు పెట్టి గేర్‌బాక్సు కంప్యూటర్ని అడిగాడు. అది 74,000 అని నిజం కక్కేసింది. స్టీరింగు తోలు సిటీబస్సు కమ్మీలా నున్నగా అరిగి ఉందన్నది అప్పుడు నా చేతికి తగిలింది. మొన్న అదే స్టీరింగు పట్టుకుని "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అన్నవాణ్ణి నేనే. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బ్యాంకు హైపోథికేషను ఇంకా అలాగే ఉంది. హీరో గారిదో కాదో గానీ, బండి మాత్రం బ్యాంకుది. అప్పు తీరిందని ఫారం 35 మీద బ్యాంకు సంతకం పడేదాకా, పేరు మార్పించుకునే ఫారం 29, 30లు నింపి లాభం లేదు.

ఇంత జరిగాక ఏ మగాడైనా ఏం చేస్తాడు? నేను, "ఒక్కసారి నడిపి చూద్దామా?" అన్నాను.

"నడపండి, మీ ముచ్చట తీరుతుంది" అని పక్కన కూర్చుంది. పక్కన అన్నది మాటవరసకు. ఇద్దరం వెన్నెల్లో మడతమంచాల మీద పడుకున్నట్టు ఉన్నాం. రోడ్డుకు వేగనిరోధకం వేస్తే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మా వీధిలో ఎవరు కట్టారో గానీ ఎత్తులో ఉదారంగా, వెడల్పులో పొదుపుగా కట్టారు. మొదటిదాని మీద బండి కడుపు కర్ర్‌మని గీరుకుంది. రెండోదానికి ఆవిణ్ణి దిగమన్నాను, బరువు తగ్గుతుందని. ఆవిడ దిగి, గుట్ట దాటి, అవతల ఎక్కింది. మూడోదానికీ అంతే. నాలుగోది దాటి నేను చేరేసరికి ఆవిడ మలుపు దగ్గర బండి మీద కొత్తిమీర బేరమాడుతోంది. కొత్తిమీరాయన నన్ను చూపిస్తూ, "ఎవరమ్మా, మీతో వస్తున్నాడా?" అన్నాడు. ఆవిడ నాలుగడుగులు పక్కకు జరిగి టమాటాలు చూడ్డం మొదలుపెట్టింది.

చెక్‌పోస్టు నుంచి పెద్దమ్మ గుడి దాకా వెళ్ళొచ్చాం. కొన్న రోజున అక్కడే పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలని నా ప్లాను. ఆరు సెకన్లలో వంద వేగం అందుకునే బండిని ముప్పైఆరో నంబరు రోడ్డు ట్రాఫిక్‌లో ఓ ఆటో మూడుసార్లు దాటేసింది. అయినా ఒక సిగ్నల్ దగ్గర పక్క స్కూటరు మీది కుర్రాడు నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు. అంతే. ఆ వేలు చూశాక పుట్టీ, పొగ, బెల్టు, బ్యాంకు అన్నీ మర్చిపోయాను. సెల్లారులోకి రాగానే ఆవిడ వినకుండా బ్రోకర్ని స్తంభం వెనక్కి తీసుకెళ్ళి, "ఎంత తగ్గిస్తావు?" అన్నాను. నాలుగు లక్షలన్నాడు. నా గుండె గంతేసింది.

"పుచ్చు వంకాయ సగం ధరకిస్తే పుచ్చు సగమవుతుందా?" అని స్తంభానికి ఇవతలి నుంచి వినపడింది.

అడ్వాన్సు వెనక్కి రాదన్నాడు బ్రోకరు. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుని, కొత్తిమీర తుంచడం మొదలుపెట్టింది. అసలు పదింటికి రావాల్సిన ఇంకో పార్టీ వచ్చి, "ఏంటండీ, బండి బాగుందా?" అని ఆవిణ్ణే అడిగింది. బ్రోకరు ఆవిడ నోరు తెరిచేలోపు 40,000 వెనక్కి పంపించాడు. మిగిలిన పదివేలు పోయాయి. భాయ్ ఫీజు అందులో కలపలేదు.

ఇది జరిగిన ఏడు నెలలకు, ఎప్పట్నుంచో ఆగిపోయి ఉన్న ఓ సినిమా విడుదలైంది. నేనందులో కొన్ని సీన్లకు చెయ్యి వేశాను, పేరు పడలేదు. ఇద్దరం వెళ్ళాం. ఇంటర్వెల్ తర్వాత హీరో పసుపుపచ్చ స్పోర్ట్స్ కారులో దూసుకొచ్చి, ర్యాంపు ఎక్కి, గాల్లోకి లేచి, కాలవ దాటి, దబ్బున ఎడమవైపు ఒరిగి పడ్డాడు. హాలంతా ఈలలు. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, ఆ తలుపు చూడండి. అది మన పదివేలే!"

అదే. ఎడమ తలుపు కింద జానెడు మేర లోపలికి పోయి ఉంది. సందు పెద్దదై, వేలు కాదు, చెయ్యే దూరేలా ఉంది.

షూటింగుకు రెండేళ్ళ ముందు ఓ రాత్రి, నిర్మాత ఆఫీసులో, చేజ్ చప్పగా ఉందని అందరూ తలలు పట్టుకుంటే, "కారు కాలవ మీంచి దూకిస్తే ఎలా ఉంటుంది సార్, పసుపు కారైతే రాత్రిపూట బాగా కనపడుతుంది" అన్నది నేనే. ఆ పేజీ నా చేత్తో రాసిచ్చాను.

"ఇలాంటి సీన్లు ఎవరు రాస్తారండీ, బుద్ధుండక్కర్లా? చక్కటి బండి" అంది మా ఆవిడ.

ఏమో అని, పాప్‌కార్న్ అందించాను.